ఒళ్ళు మారే జ్ఞాపకం

"డిస్కు ఖరాబైతే ఖరాబైంది, డేటా లోపట్నే ఉంటది గదన్నా! అది తీసి ఇంకోదాంట్ల ఎయ్యరాదు?"

నా బల్ల ముందు కూర్చునేవాళ్ళలో చాలామంది ఏదో ఒక యాసలో ఈ మాట అంటారు. పెళ్ళి వీడియోల డ్రైవ్‌లు పట్టుకొని జిల్లాల నుంచి వచ్చే ఫోటో స్టూడియోల వాళ్ళు, ట్యాలీ లెక్కలు పోగొట్టుకున్న ఆడిటర్ ఆఫీసుల కుర్రాళ్ళు, థీసిస్ ఇవ్వాల్సిన సమయానికి లాప్‌టాప్ జారవిడిచిన పరిశోధక విద్యార్థులు, అందరిదీ ఒకటే ధీమా. డేటా వేరు, డిస్కు వేరు. ఒకటి పాడైతే రెండోదాన్ని విడదీసుకోవచ్చు.

ఆ ధీమాను తప్పు పట్టడానికి లేదు. ఫోన్ మారిస్తే ఫోటోలన్నీ కొత్త ఫోన్లోకి వచ్చి కూర్చుంటున్నాయి. పెన్‌డ్రైవ్‌లోని సినిమా లాప్‌టాప్‌లోకి, అక్కణ్నుంచి టీవీలోకి ఇట్టే వెళ్ళిపోతోంది. ఏ ఒంటితోనూ పని లేనట్టుగా డేటా తిరగడం మనకు అలవాటైపోయింది. యంత్రం నడుస్తున్నంతసేపు అది నిజమే అనిపిస్తుంది. యంత్రం ఆగినప్పుడే తెలుస్తుంది, ఆ జ్ఞాపకానికి ఒక ఒళ్ళు ఉందని, ఆ ఒంటిని వదిలి అది ఒక్క క్షణం కూడా విడిగా లేదని. ఎన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నా, ప్లాటర్లు మార్చడానికి కూర్చున్నప్పుడల్లా నాకు ఇది కొత్తగానే అనిపిస్తుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల కంప్యూటర్ విడిభాగాలు దొరకని రకం లేదు. డేటా రికవరీ బోర్డులూ అక్కడ తక్కువేం కాదు. వచ్చే డ్రైవ్‌లలో చాలావాటికి లోపల చెయ్యి పెట్టే అవసరమే రాదు. కొన్నిటికి సాఫ్ట్‌వేర్ సరిపోతుంది, కొన్నిటికి కింద ఉన్న బోర్డు బాగుచేస్తే చాలు. 'టక్ టక్'మని కొట్టుకునేవాటికి, డేటాను చదివే, రాసే హెడ్‌లు మార్చాలి. ప్లాటర్లనే ఊడదీసి ఇంకో డ్రైవ్‌లోకి దించడం అన్నిటికంటే చివరి మెట్టు. దాని తర్వాత చెయ్యగలిగింది ఇక ఏమీ ఉండదు కాబట్టి, ఆ మెట్టు దాకా వెళ్ళకుండా ఉండటానికే మేం ఎక్కువ కష్టపడతాం.

ఎందుకంత జాగ్రత్తో చెప్పాలంటే లోపలి సంగతి కొంత చెప్పాలి. మూత తీస్తే నిగనిగలాడే గుండ్రటి పలకలు కనిపిస్తాయి. అవే ప్లాటర్లు. డెస్క్‌టాప్‌లలో వాడే మూడున్నర అంగుళాల డ్రైవ్‌లలో ఇవి ఎక్కువగా అల్యూమినియంవి, లాప్‌టాప్‌లలోని రెండున్నర అంగుళాల వాటిలో ఎక్కువగా గాజువి. వాటిమీద కోబాల్ట్ మిశ్రమంతో అయస్కాంతపు పూత, ఆ పూతకు కాపుగా కర్బనపు పొర, దానిమీద కంటికి కనపడనంత పల్చని కందెన. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డ్రైవ్‌లో ప్లాటర్ అంచు వేగం గంటకు దాదాపు 130 కిలోమీటర్లు. ఆ వేగానికి పుట్టిన గాలి పొర మీద హెడ్ తేలుతుంది. దానికీ ప్లాటర్‌కీ మధ్య ఉండే ఎడం కొన్ని నానోమీటర్లు మాత్రమే. మన తల వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. ఇప్పటి డ్రైవ్‌లలో అంగుళం వెడల్పులో నాలుగైదు లక్షల ట్రాక్‌లు పడతాయి. అంటే ఒక్కో ట్రాక్‌కు యాభై అరవై నానోమీటర్లు. హెడ్ ఆ సందులోంచి పక్కకు జరగకుండా, ప్లాటర్ తిరిగినంతసేపూ దాని మధ్యలోనే నడవాలి.

"తీసి ఇంకోదాంట్ల ఎయ్యరాదు" అన్న మాట అక్షరాలా నిజమైన రోజులు ఒకప్పుడు ఉండేవి. 1956లో ఐబీఎం తెచ్చిన మొట్టమొదటి డిస్క్ యంత్రం రామాక్‌లో రెండడుగుల వెడల్పున్న ప్లాటర్లు 50 ఉండేవి. అన్నీ కలిసి దాచుకున్నది 50 లక్షల అక్షరాలు. ఆరేళ్ళ తర్వాత, 1962లో, అదే సంస్థ 1311 అనే డ్రైవ్ తెచ్చింది. అందులో ఆరు ప్లాటర్లు ఒక కట్టగా ఉండేవి. నాలుగున్నర కిలోల ఆ కట్టను ఆఫీసులో పనిచేసేవాళ్ళే ఎత్తి బయటికి తీసేవాళ్ళు, బీరువాలో పెట్టేవాళ్ళు, ఇంకో కట్ట బిగించేవాళ్ళు. ఈ యంత్రం మీద రాసిన కట్టను ఆ యంత్రంలో పెట్టి చదువుకునేవాళ్ళు. ట్రాక్‌లు అంత వెడల్పుగా, హెడ్‌లు అంత ఎత్తుగా ఉండేవి మరి. ఏ హెడ్ అయినా ఏ ప్లాటర్‌నైనా చదవగలిగేది.

తక్కువ చోటులో ఎక్కువ రాయాలన్న కోరిక పెరిగిన కొద్దీ ఆ స్వేచ్ఛ పోయింది. 1973లో వించెస్టర్ అనే పేరుతో ప్రసిద్ధమైన 3340 డ్రైవ్‌లో హెడ్‌లనూ ప్లాటర్లనూ కలిపి ఒకే పెట్టెలో మూసేశారు. దుమ్ము బెడద ఒక కారణం. రెండో కారణమే నాకు ఎప్పుడూ ఎక్కువ ఆసక్తిగా తోస్తుంది. ఒక హెడ్ తాను రాసిన ప్లాటర్ దగ్గరికే జీవితాంతం తిరిగి వస్తుందంటే, లోకంలోని మిగతా ప్లాటర్లన్నిటితో దానికి పొంతన కుదరాల్సిన అవసరం ఉండదు. ఆ రెండిటికీ మధ్య కుదిరితే చాలు. ఎంత సన్నగా రాసుకున్నా వాటికి అర్థమవుతుంది. మన డ్రైవ్‌లలో ఇన్ని టెరాబైట్‌లు పట్టడం వెనక ఆనాటి ఆ నిర్ణయం కూడా ఉంది. ఆ నిర్ణయం ఖరీదు ఇప్పుడు నా బల్ల మీదికి వస్తుంటుంది.

ఫ్యాక్టరీ నుంచి బయటపడే ముందు ప్రతి డ్రైవ్ గంటల తరబడి తనను తాను కొలుచుకుంటుంది. ఈ హెడ్‌లో చదివే భాగానికీ రాసే భాగానికీ మధ్య దూరం ఎంత, రాయడానికి ఎంత కరెంటు చాలు, ప్లాటర్ దగ్గరికి దించాలంటే హెడ్‌ను ఎంత వేడి చెయ్యాలి, పుట్టుకతోనే పూత సరిగా లేని చోట్లు ఏవి. ఒకే వరుసలో వెంటవెంటనే తయారైన రెండు డ్రైవ్‌లకు కూడా ఈ లెక్కలు ఒకటి కావు. వీటిలో కొన్ని బోర్డు మీది చిన్న రోమ్ చిప్‌లో ఉంటాయి, ఇంకొన్ని ప్లాటర్ల మీదే, వాడేవాడికి కనిపించని ఒక భాగంలో ఉంటాయి.  ఆ రోమ్ చిప్పు లేకపోతే డ్రైవ్‌కు తన హెడ్‌ను ఎలా వాడుకోవాలో తెలియదు. హెడ్ లేకపోతే ప్లాటర్ మీద ఏముందో తెలియదు. ప్లాటర్ మీదిది చదవకపోతే తానెవరో డ్రైవ్‌కే తెలియదు. మీ పెళ్ళి వీడియో ప్లాటర్ మీద ఉంది అనడం కన్నా, ఇవన్నీ ఒకదానికొకటి కుదిరిన తీరులో ఉంది అనడం సరైన మాట.

చిన్నప్పుడు విన్న పరకాయ ప్రవేశం కథలు నాకు ఈ పనిలో తరచూ గుర్తొస్తాయి. ఆదిశంకరులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన కథ తెలియనివాళ్ళు మనలో అరుదు. ప్రాణం ఒక ఒంటిని విడిచి ఇంకో ఒంట్లో దూరడమే ఆ కథలో అందరికీ గుర్తుండే అద్భుతం. నాకు మాత్రం గుహలో కూర్చొని గురువుగారి అసలు దేహాన్ని కాపలా కాసిన శిష్యుల మీదికి మనసు పోతుంది. ఆ దేహానికి ఏమైనా అయితే అంత గొప్ప యోగీ తిరిగి రాలేడు. కథ చెప్పినవాళ్ళకు ఆ సంగతి తెలుసు. మా పనిలో ఆ శిష్యుల వంతు ఎక్కువ, యోగి వంతు తక్కువ. కొత్త ఒంట్లోకి పంపేటప్పుడు పాత ఒంటిలోంచి ఎంత వీలైతే అంత వెంట పంపుతాం. ప్లాటర్లు ఎలాగూ పాతవే. రోమ్ చిప్పు పాతదే ఉండాలి. హెడ్‌లు బాగుంటే అవీ పాతవే పెడతాం, ఎందుకంటే ఆ లెక్కలన్నీ వాటికోసం చేసినవే. మార్చేది ఎంత తక్కువైతే అంత మంచిది.

జగిత్యాల నుంచి ఒక స్టూడియో ఆయన తెచ్చిన డ్రైవ్ సంగతి చెబుతాను. మూడున్నర అంగుళాలది, లోపల రెండు ప్లాటర్లు. ఆపేసి ఉన్నప్పుడు బల్ల మీది నుంచి కింద పడింది. నడుస్తుండగా పడలేదు, అది మేలైంది. పవర్ ఇస్తే తిరగదు. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నని కూత వినిపిస్తుంది, ఆగుతుంది, మళ్ళీ కూస్తుంది. తిరగబోయి తిరగలేని మోటారు శబ్దం అది.

"ఒక సీజన్ పెండ్లిలన్నీ గిండ్లనే ఉన్నయన్నా. ఆల్బమ్ ప్రింటింగుకు ఇంకా పంపలే. పెండ్లివాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నరు" అన్నాడు.

"స్పిండిల్ పట్టేసినట్టుంది. లోపల తెరిచి చూస్తేగాని ఖాయంగా చెప్పలేను. తెరిచాక మళ్ళీ ఇది మామూలు డిస్కు కాదు, ఒక్కసారి చదివి పక్కన పెట్టడానికే పనికొస్తది. సరేనా అన్నా?"

ఆయన కాసేపు ఆలోచించి, ఇంటికి ఫోన్ చేసి మాట్లాడి, సరే అన్నాడు.

స్పిండిల్ అంటే ప్లాటర్లను మోసే ఇరుసు. దానికీ దాని చుట్టూ ఉండే గొట్టానికీ మధ్య కొన్ని మైక్రాన్‌ల సందులో నూనె ఉంటుంది. కింద పడ్డ దెబ్బకు ఇరుసు రవ్వంత వంగితే ఆ సందు మూసుకుపోతుంది, ఇక కదలదు. అలాంటప్పుడు బాగున్న మోటారు మీదికి ప్లాటర్లను చేర్చడం తప్ప దారి లేదు. అందుకు అదే మోడల్, అదే రకం ఫర్మ్‌వేర్, వీలైతే అదే ఫ్యాక్టరీలో ఆ రోజుల్లోనే తయారైన ఇంకో డ్రైవ్ కావాలి. మేం దాన్ని డోనర్ అంటాం. ఏ లోపమూ లేని ఒక డ్రైవ్‌ను విప్పి, దాని ప్లాటర్లు తీసి పారెయ్యాలి. ఈ పనిలో నాకు ఇప్పటికీ మనసొప్పనిది ఇదొక్కటే.

పని జరిగేది క్లీన్ బెంచ్ మీద. వడగట్టిన గాలి ఆ బల్ల మీదుగా ఎప్పుడూ ఒకే తీరున వీస్తుంటుంది. ఘనపుటడుగు గాలిలో అర మైక్రాన్, ఆపైన ఉన్న ధూళి కణాలు వందకు మించకూడదన్నది లెక్క. మామూలు గదిలో అవి లక్షల్లో ఉంటాయి. అర మైక్రాన్ అంటే ఎంతో కాదనిపిస్తుంది గాని, అది దాదాపు పది ట్రాక్‌ల వెడల్పు. గ్లౌజులు, మాస్కు, తలకు టోపీ. ముందు అడుగునున్న బోర్డు విప్పాలి. మూతకున్న టార్క్స్ స్క్రూలలో ఒకటి ఎప్పుడూ స్టిక్కర్ కింద దాక్కొని ఉంటుంది. దాన్ని మరిచి మూత లాగితే హెడ్‌ల ఇరుసు మీద బలం పడుతుంది.

మూత లేచింది. హెడ్‌లు పక్కనున్న ర్యాంప్ మీద భద్రంగా ఉన్నాయి. చేత్తో తిప్పాలని చూస్తే స్పిండిల్ కదల్లేదు. అనుకున్నదే. లోపల ఒక మూలన చిన్న తెల్లటి ఫిల్టర్ ఉంటుంది, లోపలి గాలిలో తిరిగే ధూళి దానికి అంటుకుంటుంది. నేను ముందుగా చూసేది దాన్నే. తెల్లగా ఉంది. అంటే ప్లాటర్లు గీసుకుపోలేదు. ఆ మాట అక్కడే గట్టిగా అన్నాను, అద్దం అవతల కూర్చున్న ఆయనకు వినపడాలని.

పైనున్న అయస్కాంతం తియ్యడం ఒళ్ళు దగ్గర పెట్టుకొని చెయ్యాల్సిన పని. నియోడిమియం ముక్క, వదిలితే ఎగిరి ఎక్కడ తగులుతుందో చెప్పలేం. తర్వాత హెడ్‌ల మధ్య సన్నని ప్లాస్టిక్ పళ్ళున్న దువ్వెనను జొనిపి, అవి ఒకదానికొకటి తగలకుండా ఎడంగా నిలబెట్టి, మొత్తం చట్రాన్ని బయటికి తియ్యాలి. అప్పుడు ప్లాటర్లు ఒంటరిగా మిగులుతాయి. వాటిని స్పిండిల్‌కు అదిమి పట్టే క్లాంప్‌కు ఆరు స్క్రూలు. ఒకదాన్ని పూర్తిగా విప్పి రెండోదాని దగ్గరికి పోకూడదు. ఎదురెదురు స్క్రూలను కొంచెం కొంచెంగా వదులు చేసుకుంటూ రావాలి. ఒక పక్క బిగువు ముందే పోతే పలక జరుగుతుంది.

అసలు కష్టం ఇప్పుడు. ఒక్క ప్లాటరే ఉంటే పని కొంత తేలిక. కేంద్రం కొద్దిగా తప్పినా, ప్రతి చుట్టుకూ అదే తీరున వచ్చే వంకరను డ్రైవ్ పసిగట్టి హెడ్‌ను దానికి తగ్గట్టు ఊపగలదు. పది మైక్రాన్‌లు పక్కకు కూర్చుంటే ఒక్కో చుట్టులో దాదాపు రెండు వందల ట్రాక్‌ల మేర అటూ ఇటూ ఊగాలి. ఊగుతుంది. రెండు ప్లాటర్లుంటే మాత్రం వాటికి ఒకదానితో ఒకటికి ఉన్న పొందిక మారకూడదు. ట్రాక్ పొడవునా అక్కడక్కడా సర్వో గుర్తులు రాసి ఉంటాయి, హెడ్ వాటిని చూసుకుంటూనే నడుస్తుంది. ఒక ప్లాటర్ రెండోదాని కన్నా కాస్త తిరిగిందంటే, మీది ప్లాటర్ నుంచి కింది ప్లాటర్‌కు మారిన క్షణంలో ఆ గుర్తు రావాల్సిన వేళకు రాదు. డ్రైవ్ దారి తప్పుతుంది. అందుకే విడివిడిగా తియ్యం. స్తూపాకారంలో ఉండే ఒక పనిముట్టు ఉంది. దాన్ని పైనుంచి దించి, ప్లాటర్ల అంచులను మాత్రమే పట్టుకొని, మధ్యలోని స్పేసర్ రింగుతో సహా రెండిటినీ ఉన్నవున్నట్టుగా ఒక్కసారే పైకి లేపాలి. బిగించాక, లేపే ముందు, పట్టు అన్ని పక్కలా సమానంగా ఉందో లేదో వేలికి తెలుస్తుంది. తెలియకపోతే వదిలేసి మళ్ళీ మొదటినుంచి పట్టుకోవాలి. లేపడం నిట్టనిలువుగా ఉండాలి, ఏ పక్కకు వాలినా లోపలి అంచు స్పిండిల్‌ను రాస్తుంది. చెయ్యి కన్నా ఊపిరి ఎక్కువ వణుకుతుందని ఈ పని నేర్చుకున్నాకే నాకు తెలిసింది.

డోనర్ మీదికి దించడమూ అంతే నెమ్మదిగా. స్పిండిల్ మీదికి అది జారి కూర్చోవాలి, అదమకూడదు. క్లాంప్ స్క్రూలు మళ్ళీ ఎదురెదురుగా, అన్నిటికీ ఒకే బిగువు వచ్చేలా బిగించాలి. ఒక స్క్రూ ఎక్కువ బిగిస్తే లోహపు పలక కంటికి కనపడనంతగా వంగుతుంది, తిరిగేటప్పుడు ఆ వంపు కెరటంలా హెడ్ కిందికి వస్తుంది. తర్వాత పాత హెడ్‌లు, అయస్కాంతం, మూత. పాత బోర్డు. పవర్.

సన్నగా మొదలైన మోత పెరిగి నిలకడకు వచ్చింది. హెడ్‌లు ర్యాంప్ దిగిన చిన్న చప్పుడు. కాసేపటికి డ్రైవ్ తన పేరు, మోడల్ నంబరు చెప్పింది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. దీన్ని కంప్యూటర్‌కు తగిలించి మామూలుగా కాపీ కొట్టబోతే మొదటి గంటలోనే మొత్తం పోవచ్చు. చదవలేని చోట విండోస్ మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, డ్రైవ్ తన దెబ్బలను తానే సరిచేసుకోబోయి ప్లాటర్ మీద రాస్తుంది. అందుకని పీసీ-3000 లాంటి యంత్రానికి తగిలించి, డ్రైవ్‌ను ఏమీ రాయనివ్వకుండా, తేలిగ్గా చదవగలిగిన చోట్లు ముందు, మొరాయించే చోట్లు చివరికి ఉంచి, ఒక్కో హెడ్ ఆరోగ్యం గమనిస్తూ ఇమేజ్ తీస్తాం. రాత్రింబవళ్ళు నడుస్తుంది. ఆయన డ్రైవ్‌లో చివరికి ఒక హెడ్ నీరసించింది, కొన్ని వీడియోలు మధ్యలో తెగిపోయాయి. మిగతావన్నీ వచ్చాయి. లిస్టు చూసుకుంటూ పెళ్ళివాళ్ళ ఇంటిపేర్లు పైకి చదువుతూ కూర్చున్నాడు.

ఈ పనికి ఎంత శక్తి ఉందో చెప్పమంటే నేను కొలంబియా సంగతి చెబుతాను. 2003 ఫిబ్రవరి 1న భూమికి తిరిగి వస్తూ ఆ వ్యోమనౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. అందులో జినాన్ వాయువు మీద ఒక ప్రయోగం సాగింది. 16.6 డిగ్రీల దగ్గర, తగినంత ఒత్తిడిలో, జినాన్ ద్రవమో వాయువో తేల్చి చెప్పలేని స్థితికి వస్తుంది. ఆ స్థితిలో దాన్ని కదిలిస్తే ఎంత చిక్కగా అడ్డుపడుతుందో కొలవాలి. భూమి మీద ఆ కొలత సరిగా కుదరదు, జినాన్ తన బరువుకు తానే కిందికి అణిగిపోతుంది. అందుకే అంతరిక్షంలో పెట్టారు. ఫలితాలు కొన్ని అప్పుడే కిందికి అందాయి, మిగతావి ఒక హార్డ్ డిస్కులో ఉండిపోయాయి.

దాదాపు ఆరు నెలల తర్వాత టెక్సాస్‌లో, ఎండిపోయిన ఒక చెరువు గర్భంలో, ఆ డిస్కు దొరికింది. సీగేట్ వాళ్ళ పాత డ్రైవ్, కెపాసిటీ కొన్ని వందల మెగాబైట్‌లు. ప్లాస్టిక్ అంతా కరిగింది, బోర్డు మాడిపోయింది, మూత చుట్టూ ఉన్న సీలు కరిగి లోపలికి మట్టి చేరింది. క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థలో జాన్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు ప్లాటర్లను బయటికి తీసి, రసాయనాలతో కడిగి, కొత్తగా కూర్చిన డ్రైవ్‌లో పెట్టాడు. దాదాపు 99 శాతం డేటా వచ్చింది. కదిలిస్తే జినాన్ పల్చబడుతుందని చూపించిన ఆ ఫలితాలు 2008 ఏప్రిల్‌లో ఫిజికల్ రివ్యూ ఈ అనే పత్రికలో అచ్చయ్యాయి.

ఆ విజయంలో చేతి నేర్పు ఎంత ఉందో ఆ డ్రైవ్ ఒంటి తీరు కూడా అంత ఉంది. పాత కాలపు డ్రైవ్, ట్రాక్‌లు ఇప్పటి వాటికంటే ఎన్నో రెట్లు వెడల్పు. సగం దాకానే నిండింది. డాస్ మీద నడిచింది కాబట్టి డేటా చెల్లాచెదురు కాకుండా ఒక చోటే వరుసగా ఉంది. మట్టి వల్ల గుంటలు పడ్డ చోట అదృష్టవశాత్తూ ఏమీ రాసి లేదు. అదే నౌకలో ఉన్న ఇంకో రెండు డ్రైవ్‌ల నుంచి ఏమీ రాలేదు. ఆ మాట కూడా చెప్పాలి. ఎడ్వర్డ్స్ కథ చెప్పి నా చేతుల మీద లేని నమ్మకం ఎవరికీ కలిగించడం నాకు ఇష్టం ఉండదు.

రాజమండ్రి నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి డ్రైవ్‌లో ఆ ఫిల్టర్ తెల్లగా లేదు. బొగ్గు రంగులో ఉంది. నా దగ్గరికి వచ్చేసరికే చాలాసేపు శబ్దం చేస్తూ నడిచిన డ్రైవ్ అది. గాజు ప్లాటర్, పైవైపున హెడ్ గీసిన చోట వలయాకారంలో పూత లేచిపోయి, అడుగున గాజు కనిపిస్తోంది. ఆయన గోదావరి జిల్లాల పల్లెల్లో గుళ్ళు తిరిగి శాసనాలకు ఫోటోలు తీసుకున్నారు. కొన్నిటి మీద తర్వాత సున్నం కొట్టేశారట.

"నాయనా, గీసుకుపోయిన చోట ఉన్నవి ఎక్కడికి పోయినట్టు?" అని అడిగారు.

"ఈ ఫిల్టర్‌లో ఉన్నాయి మాస్టారూ" అన్నాను. వేరే జవాబు లేదు. అయస్కాంతపు పూతే ఆ ఫోటోలు. పూత పొడి అయ్యాక ఆ పొడిలో ఏ వరుసా ఉండదు.

కిందివైపు బాగుంది. ప్లాటర్‌ను శుభ్రం చేసి, ఇంకో డ్రైవ్‌లోకి మార్చి, దెబ్బతిన్న వైపు జోలికి పోకుండా కింది హెడ్‌తో మాత్రమే చదివాం. ఫైళ్ళు రెండు వైపులా పంచుకొని ఉంటాయి కాబట్టి సగం కన్నా తక్కువే పూర్తిగా వచ్చాయి. ఆయన ఒక నోటుబుక్కు వెంట తెచ్చుకున్నారు. ద్రాక్షారామం, బిక్కవోలు అంటూ వచ్చినవాటికి టిక్కు పెట్టుకుంటూ పోయారు. రానివాటిలో గుడి ఇంకా అలాగే ఉన్నవి, మళ్ళీ వెళ్ళి తీసుకోవచ్చు అన్నవి వేరే పేజీలో రాసుకున్నారు. సున్నం కింద పడ్డవాటికి పేజీ పెట్టలేదు.

క్లౌడ్‌లో పెడితే ఈ బాధ లేదు కదా అంటారు. నిజమే, కాని అక్కడ జ్ఞాపకం ఒళ్ళు లేకుండా ఉంటోందని కాదు. డేటా సెంటర్లలో ఇప్పటికీ గుట్టలుగా తిరుగుతున్నవి ఈ హార్డ్ డిస్కులే. మీ ఫోటోను అక్కడ ఒకటి కన్నా ఎక్కువ డిస్కుల్లో ఉంచుతారు. ఒకటి పోతే దాన్ని ఎవరూ తెరవరు, ముక్కలు చేసి పారేసి, మిగతావాటి నుంచి ఇంకో నకలు తీసుకుంటారు. ఒక ఒంటి బదులు ఇన్ని ఒళ్ళు ఇచ్చారన్నమాట. ఇంట్లో రెండో డ్రైవ్ కొని నకలు పెట్టుకునేవాళ్ళు చేసేదీ అదే. నా పొట్ట కొట్టే సలహా అయినా అందరికీ చెబుతాను. ఎస్‌ఎస్‌డీల్లో ప్లాటర్లు లేవు, తిరిగేది లేదు. అక్కడ జ్ఞాపకం చిప్పుల్లో చిక్కిన విద్యుదావేశం, దాని రోగాలు వేరు, వాటి వైద్యం వేరు.

నన్ను ఇప్పుడు ఆలోచనలో పడేస్తున్నవి హీలియం డ్రైవ్‌లు. 2013లో మొదటివి వచ్చినప్పుడు లోపల ఏడు ప్లాటర్లు, ఇప్పుడు పది, అంతకు మించి కూడా ఉంటున్నాయి. గాలికన్నా పల్చటి హీలియంలో హెడ్‌లకు, పలకలకు ఊగిసలాట తక్కువ కాబట్టి అంత దగ్గర దగ్గరగా పేర్చగలుగుతున్నారు. మూత వెల్డింగ్ చేసి ఉంటుంది. తెరిస్తే హీలియం పోతుంది, మళ్ళీ నింపి మూస్తేగాని హెడ్‌లు సరిగా తేలవు. పది ప్లాటర్లను ఒకదానితో ఒకటి పొందిక చెడకుండా లేపడం ఎలాగన్నది నేను ఇంకా నేర్చుకుంటున్నాను.

మా దగ్గర పని నేర్చుకుంటున్న సిద్దిపేట అమ్మాయికి స్క్రాప్ డ్రైవ్‌లు ఇచ్చాను. పైనుంచి కిందికి ప్లాటర్ల అంచుల మీదుగా మార్కర్‌తో నిలువుగా ఒక గీత గీసి, ఇంకో చట్రంలోకి మార్చాక ఆ గీత ఇంకా ఒకే గీతగా ఉందో లేదో భూతద్దంలో చూసుకోవాలి. కళ్ళకు ఒకటిగా కనిపించడం సర్వోకు సరిపోదని ఆమెకూ తెలుసు. చెయ్యికి నిలకడ రావడానికి మాత్రం ఇంతకన్నా మంచి సాధన నాకు దొరకలేదు. రెండు ప్లాటర్లవి ఇప్పుడు గీత చెదరకుండా మారుస్తోంది. నిన్న మూడు ప్లాటర్ల డ్రైవ్ అడిగితే, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత సామాను అమ్మేవాళ్ళ దగ్గర వెతికి తెస్తానన్నాను.